ముందు డిస్కులు లెక్కపెట్టండి, తర్వాత డ్రైవ్ బేరమాడండి

తాండూరులో ఒక ఇల్లు అనుకుందాం. ముందు గదిలో నాపరాయి బండల నేల, మూలన ఇనుప బీరువా. బీరువా పై అరలో పట్టుచీరల కింద ఒక ప్లాస్టిక్ డబ్బా. అందులో పెద్దబిడ్డ లగ్గం డిస్కులు నాలుగు, చిన్నోడి మొదటి పుట్టినరోజు డిస్కు ఒకటి. ఇంట్లో అందరూ వాటిని ఇప్పటికీ ‘లగ్గం క్యాసెట్లు’ అనే అంటారు. డీవీడీ ప్లేయర్ మూలన పడి ఏళ్లయింది. ఇప్పుడు చిన్నోడికి ఇంజనీరింగ్‌లో సీటొచ్చింది, ల్యాప్‌టాప్ కొనాలి. అమ్మ కోరింది ఒక్కటే: “కొనేదేదో మన క్యాసెట్లు ఆడేది కొనుర్రి.”

చిన్నోడు రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాడు. ఒక దుకాణంలో “ఇప్పుడు డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ ఎవరు కొంటున్నరు తమ్మీ” అని నవ్వారు. పక్క దుకాణంలో ఒక పాత ల్యాప్‌టాప్ బయటికి తీసి “దీన్ల బ్లూ-రే ఉన్నది, హెచ్‌డీ డిస్కులు కూడా ఆడతయి, కొంచెం రేటెక్కువ” అన్నారు. ఒకరేమో అసలు వద్దంటున్నారు, ఇంకొకరేమో ఖరీదైనదే కావాలంటున్నారు. పిల్లవాడు ఎవరి మాట వినాలి?

మీరూ ఇలాంటి చోటే ఆగిపోయారా? అయితే దుకాణదారుడి మాట కాసేపు పక్కన పెట్టండి. దీనికి జవాబు సికింద్రాబాద్‌లో లేదు, మీ బీరువాలో ఉంది. ఇంట్లో ఉన్నవి ఏ రకం డిస్కులు, ఎన్ని ఉన్నాయి, ఇకముందు ఎన్ని వస్తాయి? ఈ మూడు లెక్కలు తేలితే ఏ డ్రైవ్ కొనాలో, అసలు కొనాలో వద్దో తేలిపోతుంది. ఈ అధ్యాయం ఆ లెక్క చేయిస్తుంది.

మూడు డిస్కులు, మూడు కొలతలు

సిద్ధాంతం ఎక్కువ అక్కర్లేదు. కొన్ని అంకెలు గుర్తుంటే చాలు. సీడీలో పట్టేది 700 ఎంబీ. మామూలు డీవీడీలో 4.7 జీబీ, రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ. బ్లూ-రే డిస్కులో ఒక పొరకు 25 జీబీ, రెండు పొరలైతే 50 జీబీ. మూడు పొరల బ్లూ-రేలో 100 జీబీ వరకు పడుతుంది.

మూడూ చూడటానికి ఒకే సైజు పళ్లేలు. మరి ఇంత తేడా ఎలా వచ్చింది? చదివే కాంతి వేరు కాబట్టి. డీవీడీని ఎర్రని లేజర్ చదువుతుంది, బ్లూ-రేని నీలి ఊదా లేజర్ చదువుతుంది. నీలి కాంతి తరంగం పొట్టిది. లావు పాళీతో పేజీకి పది వాక్యాలు పట్టేచోట సన్న పాళీతో యాభై పట్టినట్టే ఇదీ. అందుకే డీవీడీ డ్రైవ్‌లో బ్లూ-రే డిస్కు పెడితే ఏమీ రాదు. బ్లూ-రే డ్రైవ్‌లో మాత్రం డీవీడీ, సీడీ కూడా ఆడతాయి, ఎందుకంటే వాటి లేజర్లను కూడా తయారీదారులు అందులోనే అమరుస్తారు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. “అన్నీ ఆడేది బ్లూ-రే అయితే అదే కొంటే పోలా?” అంటారు. పోదు. బయట పెట్టుకునే డీవీడీ రైటర్ ధరతో పోలిస్తే బ్లూ-రే రైటర్ ధర కొన్ని రెట్లు ఎక్కువ. ఇంట్లో ఒక్క బ్లూ-రే డిస్కు కూడా లేనివాళ్లకు ఆ అదనపు డబ్బుతో ఒరిగేదేమీ లేదు. అదే డబ్బు ర్యామ్ మీదో ఎస్ఎస్‌డీ మీదో పెడితే ల్యాప్‌టాప్ రోజూ చురుగ్గా నడుస్తుంది.

కొనేముందు చేయాల్సిన ఆరు పనులు

1. డబ్బా దించి రకాలు విడదీయండి.

డిస్కు మీదున్న గుర్తు చూడండి. గుర్తు కనపడకపోతే వెనక్కి తిప్పండి. ఇంట్లో లేదా స్టూడియోలో రాసిన డీవీడీల అడుగు సాధారణంగా ఊదా ఛాయలో మెరుస్తుంది. పాత వీసీడీలయితే ఒక్కో దాంట్లో సుమారు గంట, గంటంపావు వీడియోనే పడుతుంది, అందుకే ఒక్క సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. ఒక కాగితం మీద మూడు గీతలు గీయండి: సీడీలు ఎన్ని, డీవీడీలు ఎన్ని, బ్లూ-రేలు ఎన్ని. వికారాబాద్, తాండూరు వంటి పట్టణాల్లో చాలా ఇళ్లలో మూడో గీత కింద సున్నాయే ఉంటుంది. మీ ఇంట్లోనూ సున్నాయేనా? అయితే బ్లూ-రే ఆలోచన అక్కడితో ముగిసింది. మామూలు డీవీడీ డ్రైవ్ చాలు.

2. ఇకపై డిస్కులు వస్తాయా అని అడగండి.

వచ్చే నెలలో ఇంట్లో పెండ్లి ఉంటే ఫొటోగ్రాఫర్‌ను ముందే అడగండి: వీడియో దేంట్లో ఇస్తారు? పెన్‌డ్రైవ్‌లో ఇస్తామంటే డిస్కు ప్రస్తావనే లేదు. మార్కెట్ కూడా ఆ దారిలోనే పోతోంది. ఒకప్పుడు 30 రూపాయల లోపే వీసీడీలు అమ్మి మన ఊళ్లలోని కిరాణా కొట్ల దాకా డిస్కులను చేర్చిన మోజర్ బేర్ కంపెనీ 2018లో మూతపడే దశకు వచ్చి లిక్విడేషన్‌లోకి వెళ్లింది. అమెరికాలో డిస్కులు పోస్టులో పంపే సేవను నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబర్‌లో ఆపేసింది. బ్లూ-రేని ముందుండి నడిపించిన సోనీయే రాసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో నిలిపివేసింది. కాబట్టి మీ డబ్బాలో ఉన్నవాటి కోసమే డ్రైవ్ కొనండి. రాబోయేవాటి కోసం కొనకండి.

3. తెర ఎంత చూపించగలదో చూడండి.

డీవీడీ చిత్రం 720 అడ్డం, 576 నిలువు చుక్కలతో ఉంటుంది. అంటే సుమారు 4 లక్షల చుక్కలు. బ్లూ-రే చిత్రం 1920 అడ్డం, 1080 నిలువు, అంటే సుమారు 20 లక్షల 70 వేలు. కానీ తక్కువ ధర ల్యాప్‌టాప్‌లలో చాలాకాలంగా వస్తున్న తెర 1366 అడ్డం, 768 నిలువు. దాంట్లో మొత్తం చుక్కలు పదిన్నర లక్షలే. అలాంటి తెర మీద బ్లూ-రే ఆడిస్తే చిత్రంలో సగం వివరం తెర దాకా రాకుండానే పోతుంది. డబ్బు పూర్తిగా పెట్టి సగమే చూడటం ఎందుకు? ల్యాప్‌టాప్‌ను పెద్ద టీవీకి కలిపి చూస్తామంటే మాత్రం లెక్క మారుతుంది.

4. సాఫ్ట్‌వేర్ ఖర్చు కలపండి.

దీన్ని దుకాణంలో ఎవరూ చెప్పరు. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి మామూలు డీవీడీ సినిమా ఆడించే ఏర్పాటు కూడా విండోస్‌తో పాటు రావడం లేదు. డీవీడీకి చింత లేదు, వీఎల్‌సీ ప్లేయర్ ఉచితం. కంపెనీలు అమ్మే బ్లూ-రే సినిమాలకు మాత్రం తాళం వేసి ఉంటుంది. దాన్ని సక్రమంగా తెరవాలంటే పవర్‌డీవీడీ లాంటి ప్లేయర్‌ను డబ్బు పెట్టి కొనాలి. 4కే అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే అయితే ఇబ్బంది ఇంకా పెద్దది. వాటిని కంప్యూటర్‌లో అధికారికంగా చూడటానికి ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు కావాలి. 11వ తరం నుంచి ఇంటెల్ దాన్ని కోర్ ప్రాసెసర్లలో వదిలేసింది. అంటే డబ్బు ఎక్కువ పెట్టి కొత్త ల్యాప్‌టాప్ కొన్నవాళ్లే ఆ డిస్కులు చూడలేరు. మీ స్టూడియో వాళ్లు రాసిచ్చిన బ్లూ-రేకి ఈ తాళాలేవీ ఉండవు, అది ఉచిత ప్లేయర్‌లోనే ఆడుతుంది.

5. డ్రైవ్ లోపలా, బయటా?

కొత్త ల్యాప్‌టాప్‌లలో డ్రైవ్‌కు చోటే ఉండటం లేదు. 2008లో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ డ్రైవ్ లేకుండానే వచ్చింది, ఆ తర్వాత మిగతా కంపెనీలు ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. ఇప్పుడు డ్రైవ్ కోసమని పాత మోడల్ వెతుక్కుంటే పాత ప్రాసెసర్, పాత బ్యాటరీ కూడా మెడకు చుట్టుకుంటాయి. యూఎస్‌బీతో కలిపే బయటి డ్రైవ్ అయితే ఇంట్లో ఎన్ని కంప్యూటర్లు ఉన్నా అన్నిటికీ పనికొస్తుంది, ల్యాప్‌టాప్ మారినా అది మిగులుతుంది, చెల్లెలి ఇంటికీ పంపొచ్చు. లోపలి డ్రైవ్ పాడైతే ల్యాప్‌టాప్ మొత్తం రిపేరుకు పోవాలి.

6. దుకాణానికి మీ డిస్కునే తీసుకెళ్లండి.

వికారాబాద్ జంక్షన్ నుంచి సికింద్రాబాద్ 70 కిలోమీటర్ల పైచిలుకు. తాండూరు నుంచైతే ఇంకో 40. అంత దూరం పోయి పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి కొనుక్కొచ్చాక, ఇంటికొచ్చి చూస్తే డిస్కు చదవకపోతే? మళ్లీ ఒక రోజు, మళ్లీ ఒక రైలు. అందుకే మీ డబ్బాలో అన్నిటికంటే పాతది, కొంచెం గీతలు పడ్డది ఒక డిస్కు సంచిలో వేసుకోండి. మీ ల్యాప్‌టాప్ కూడా వెంట ఉంచుకోండి. డబ్బు ఇచ్చేముందు మీ డిస్కును మీ ల్యాప్‌టాప్‌లోనే ఆడించి చూపించమనండి. ఇది అడగటానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు?

లెక్క చేతికొచ్చింది. ఇప్పుడు నాలుగు రకాల మనుషులను చూద్దాం. వీళ్లలో ఎవరో ఒకరు మీకు దగ్గరగా ఉంటారు.

మొదటివాడు తాండూరు నుంచి హైదరాబాద్ కాలేజీలో చేరుతున్న విద్యార్థి. పాఠాలు, ప్రాజెక్టులు, ప్రోగ్రాములు అన్నీ నెట్‌లోంచే దిగుతాయి. విండోస్ కూడా పెన్‌డ్రైవ్‌తోనే ఎక్కిస్తారు. నాలుగేళ్ల చదువులో అతని చేతికి డిస్కు రావడమే అరుదు. ఇతనికి బ్లూ-రేతో పని లేదు, లోపలి డీవీడీ డ్రైవ్‌తోనూ పని లేదు. అమ్మ కోరిక తీరాలంటే ఇంట్లో ఒక చిన్న బయటి డీవీడీ డ్రైవ్ ఉంటే చాలు.

రెండోవారు వికారాబాద్‌లో ఫొటో స్టూడియో నడిపే దంపతులు. సీజన్‌లో లగ్గాలు, అనంతగిరి గుట్టల్లో పెండ్లికి ముందు ఫొటోషూట్లు. వీళ్ల లెక్క వేరు. సెకనుకు 24 మెగాబిట్ల హెచ్‌డీ వీడియో గంటకు సుమారు 11 జీబీ తింటుంది. నాలుగు గంటల పెండ్లి వీడియో 43 జీబీ దాకా పోతుంది. అది డీవీడీల్లో పెట్టాలంటే పది కావాలి, రెండు పొరల బ్లూ-రే అయితే ఒక్కటి చాలు. కస్టమర్‌కు పెన్‌డ్రైవ్ ఇచ్చినా, అసలు వీడియో తమ దగ్గర ఏళ్ల తరబడి ఉంచుకోవాలనుకునే స్టూడియోకు బ్లూ-రే రైటర్ అక్కరకొస్తుంది. హార్డ్‌డిస్కు ఒకటి కింద పడితే పాతిక పెండ్లిళ్లు ఒక్కసారే పోతాయి. డిస్కు ఒకటి పాడైతే పోయేది ఒక్క పెండ్లే. ఈ ఆలోచన పెద్ద కంపెనీలకూ వచ్చింది. అరుదుగా తీసే సమాచారాన్ని దాచడానికి 10,000 బ్లూ-రే డిస్కులు పట్టే బీరువా లాంటి యంత్రాన్ని ఫేస్‌బుక్ 2014లో చూపించింది.

అయితే స్టూడియో వాళ్లు కూడా ఒకటి చూసుకోవాలి. డిస్కు రాయడానికి సమయం పడుతుంది. బ్లూ-రేలో ఒక రెట్టు వేగమంటే సెకనుకు 4.5 ఎంబీ. ఆ వేగంతో 25 జీబీ డిస్కుకు గంటన్నర పైనే. ఆరు రెట్ల వేగమున్న రైటర్, దానికి తగిన డిస్కు ఉంటే పావుగంట దాటి ఇంకొన్ని నిమిషాలు. 4కేలో షూట్ చేసేవాళ్లకైతే సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకే 45 జీబీ అవుతుంది. అక్కడ డిస్కులు పేర్చడం కంటే రెండు హార్డ్‌డిస్కుల్లో జంటగా దాచుకోవడమే తేలిక.

మూడోవారు తాండూరులో పప్పు మిల్లు లెక్కలో, నాపరాయి పాలిషింగ్ యూనిట్ లెక్కలో చూసే గుమాస్తా. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, వ్యాపారానికి కాగితాలూ పెరిగాయి. జీఎస్టీ లెక్కలు, బిల్లులు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి. అయితే ఆ లెక్కల ఫైళ్లు చిన్నవి. ఏడాది లెక్కంతా ఒక మామూలు డీవీడీలో ఇంకా ఖాళీ మిగిలేలా పడుతుంది. ఒక్కసారే రాయగలిగే డిస్కుతో ఇంకో లాభముంది. కంప్యూటర్లోకి వైరస్ దూరి ఫైళ్లన్నిటికీ తాళం వేసినా, డ్రాయర్లో ఉన్న డిస్కు జోలికి అది పోలేదు. ఏడాదికొక డిస్కు, మీద మార్కర్‌తో ఆర్థిక సంవత్సరం. దీనికి డీవీడీ రైటర్ చాలు, బ్లూ-రే అవసరం లేదు.

నాలుగోవాడు సినిమా పిచ్చివాడు. బాహుబలి బ్లూ-రేలు జపాన్‌లో కూడా వచ్చాయని విని తెప్పించుకోవాలని ఆశపడతాడు. లేదా డల్లాస్‌లో ఉన్న మేనమామ ఒక డిస్కు పంపుతాడు. ఇతనికి బ్లూ-రే డ్రైవ్ నిజంగా ఇష్టమైన వస్తువే, కానీ ఒక మెలిక ఉంది. బ్లూ-రే ప్రపంచాన్ని ఏ, బీ, సీ అని మూడు మండలాలుగా విడదీశారు. అమెరికా, జపాన్ ఏ మండలం. మన దేశం సీ మండలం. మండలం కట్టు ఉన్న డిస్కు అయితే ఇక్కడి అమరికలో ఆడదు. డీవీడీకైతే మన మండలం 5, అమెరికాది 1. కంప్యూటర్ డ్రైవ్‌లో డీవీడీ మండలాన్ని ఐదుసార్లే మార్చనిస్తారు, ఆ తర్వాత చివరి అమరికే ఉండిపోతుంది. డిస్కు తెప్పించుకునేముందు అట్ట వెనక మండలం గుర్తు చూడమని మేనమామకు ఒక మాట చెప్పాలి.

తరచు జరిగే పొరపాట్లు

1. పేరు చూసి రైటర్ అనుకోవడం. ‘బ్లూ-రే కాంబో’ అని రాసి ఉన్న డ్రైవ్ చాలాసార్లు బ్లూ-రేని చదువుతుంది గానీ రాయదు. అది రాయగలిగేది డీవీడీ, సీడీలే. రాయడమే మీ పనైతే పెట్టె మీద బీడీ-ఆర్ఈ లేదా బ్లూ-రే రైటర్ అని ఉందో లేదో చూడండి. బీడీ-రోమ్ అని మాత్రమే ఉంటే అది చదివేదే.

2. హెచ్‌డీ అన్న ప్రతిదీ బ్లూ-రే అనుకోవడం. ఒకప్పుడు బ్లూ-రేకి పోటీగా తొషీబా హెచ్‌డీ డీవీడీ అనే ఇంకో రకం తెచ్చింది. 2006 ప్రాంతంలో తొషీబా కాస్మియో ల్యాప్‌టాప్‌లలో ఆ డ్రైవ్, సోనీ వయోలలో బ్లూ-రే డ్రైవ్ వచ్చాయి. 2008 జనవరిలో వార్నర్ బ్రదర్స్ సంస్థ బ్లూ-రే వైపు మొగ్గింది, ఫిబ్రవరి 19న తొషీబా పోటీ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఆ రోజుల ల్యాప్‌టాప్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికి, దాని మీద హెచ్‌డీ డీవీడీ గుర్తు ఉంటే అది బ్లూ-రే డిస్కును చదవదు. మంచి ధరకు వస్తోందని మోసపోకండి.

3. యూఎస్‌బీ కరెంటు సరిపోతుందో లేదో చూడకపోవడం. పాత యూఎస్‌బీ 2.0 రంధ్రం ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లే, 3.0 ఇచ్చేది 900. బ్లూ-రే రాసేటప్పుడు డ్రైవ్‌కు ఎక్కువ కరెంటు కావాలి. అందుకే కొన్ని డ్రైవ్‌లతో రెండు కొసలున్న కేబుల్ ఇస్తారు. రెండూ గుచ్చాలి. ఒక్కటే గుచ్చితే సగంలో ఆగి డిస్కు వృథా అవుతుంది. మీ ల్యాప్‌టాప్‌కు టైప్-సీ రంధ్రాలే ఉంటే తగిన కేబుల్ కూడా అదే రోజు కొనుక్కోండి.

4. డిస్కు మీద ఫొటో స్టిక్కర్ అంటించడం, బాల్‌పెన్నుతో రాయడం. సీడీలో సమాచారపు పొర పేరు రాసే వైపే ఉంటుంది, పెన్ను మొన నొక్కితే అదే గీరుకుపోతుంది. స్టిక్కర్ సమంగా లేకపోతే వేగంగా తిరిగేటప్పుడు డిస్కు ఊగుతుంది. డిస్కుల కోసమే అమ్మే మార్కర్‌తో మధ్యలో ఉన్న రింగు దగ్గర రాయడం మేలు.

5. దుమ్మును తేలిగ్గా తీసుకోవడం. తాండూరులో ఈ మాట ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. బండల పాలిషింగ్ దుమ్ము కిటికీ మూసినా వస్తుంది. బ్లూ-రేలో సమాచారపు పొర అడుగు నుంచి 0.1 మిల్లీమీటర్ లోతులోనే ఉంటుంది, డీవీడీలో 0.6 మిల్లీమీటర్ లోతున. బ్లూ-రేకి గట్టి పైపూత ఉన్నా, డ్రైవ్‌లోని లెన్సు మీద దుమ్ము చేరితే ఏ డిస్కూ చదవదు. వాడనప్పుడు డ్రైవ్‌ను గుడ్డసంచిలో పెట్టండి. డిస్కును మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచు వైపు నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవకండి.

6. పాత ల్యాప్‌టాప్‌లో పనిచేయని డ్రైవ్‌ను అలాగే వదిలేయడం. ఇంట్లో డీవీడీ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఉండి, డ్రైవ్ పాడైతే దాన్ని తీసి, ఆ చోట ‘క్యాడీ’ పెట్టి రెండో హార్డ్‌డిస్కో ఎస్ఎస్‌డీయో అమర్చుకోవచ్చు. డ్రైవ్ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7 మిల్లీమీటర్లా అని ముందు కొలిస్తే సరైన క్యాడీ వస్తుంది.

డ్రైవ్ ఇంటికొచ్చిన మొదటి ఆదివారం

డ్రైవ్ కొన్నవాళ్లలో చాలామంది ఒకసారి లగ్గం వీడియో చూసి, అందరూ నవ్వుకుని, డిస్కు మళ్లీ డబ్బాలో పెట్టేస్తారు. అదే పెద్ద నష్టం. ఇంట్లో రాసిన డీవీడీలో సమాచారం ఉండేది ఒక రంగు పూతలో. వేడికి, ఎండకు, తేమకు ఆ పూత మెల్లగా చెడుతుంది. బయటికి డిస్కు మెరుస్తూనే ఉంటుంది, లోపల తలంబ్రాల ఘట్టం పోయి ఉంటుంది. ఎండాకాలపు ఇనుప బీరువాలో పదిహేనేళ్లుగా ఉన్న డిస్కు ఇంకెంతకాలం ఓర్చుకుంటుంది? అందుకే డ్రైవ్‌తో చేయాల్సిన మొదటి పని చూడటం కాదు, కాపీ తీయడం.

పద్ధతి ఇది.

1. డిస్కు పెట్టి దాని ఫోల్డర్ తెరవండి. డీవీడీ అయితే వీడియో టీఎస్ అనే ఫోల్డర్ ఉంటుంది. వీసీడీ అయితే ఎంపెగ్ ఏవీ అనే ఫోల్డర్‌లో డ్యాట్ ఫైలు ఉంటుంది. మొత్తం ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయండి.

2. ఫోల్డర్‌కు తెలుగులోనే పేరు పెట్టండి: ఎవరి పెండ్లి, ఏ సంవత్సరం, ఎన్నో డిస్కు. నాలుగు డీవీడీలు మామూలువైతే మొత్తం 19 జీబీ దాటవు. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తాయి.

3. కాపీ అయిందని డిస్కు తీసేయకండి. మొదటి నిమిషం, మధ్యలో ఒకటి, చివరి నిమిషం ఆడించి చూడండి.

4. ఎక్కడైనా ఆగిపోతే డిస్కు తుడిచి మళ్లీ పెట్టండి. అప్పటికీ కాకపోతే ఇంకొకరి డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ వదిలేసిన డిస్కును ఇంకో డ్రైవ్ చదవడం తరచుగా జరిగేదే.

5. మూడు కాపీలు ఉంచండి. ఒకటి ఇంట్లో బయటి హార్డ్‌డిస్కులో, ఇంకొకటి వేరే రకం మాధ్యమంలో, మూడోది వేరే ఊళ్లో ఉన్న బిడ్డ ఇంట్లోనో ఆన్‌లైన్‌లోనో. పెన్‌డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోకండి. అది దాచుకునే వస్తువు కాదు, మోసుకెళ్లే వస్తువు.

6. తరతరాలు ఉండాలనుకునే వీడియో ఒకటి రెండు ఉంటే ఎం-డిస్క్ అనే రకం గురించి ఆలోచించండి. మామూలు డీవీడీలో రంగు పూత ఉండేచోట దీంట్లో రాయిని పోలిన గట్టి పదార్థపు పొర ఉంటుంది. ఇది వెయ్యేళ్లు నిలుస్తుందని తయారీదారులు చెబుతారు. అంతకాలం ఎవరూ పరీక్షించి చూడలేరు కానీ, ఎండకూ తేమకూ రంగు పూత కంటే ఇది ఓర్చుకుంటుందన్నది నిజం. బ్లూ-రే రకం ఎం-డిస్కులను చాలావరకు మామూలు బ్లూ-రే రైటర్‌తోనే రాయొచ్చు. సొంతంగా రైటర్ కొనక్కర్లేదు, రైటర్ ఉన్న స్టూడియోతో రాయించుకుంటే సరిపోతుంది.

ఇక తీర్పు

మొత్తం చదివాక మీ కాగితం మీది మూడు గీతల వంక మళ్లీ చూడండి.

డిస్కులే లేని ఇల్లయితే ఏ డ్రైవూ కొనకండి. ఆ డబ్బు ల్యాప్‌టాప్ ర్యామ్‌కు వెళ్లనివ్వండి. సీడీలు, డీవీడీలు మాత్రమే ఉంటే బయటి డీవీడీ రైటర్ కొనండి. బంధువుల్లో ఎవరి దగ్గరైనా ఉంటే వారం రోజులకు అడిగి తెచ్చుకున్నా చాలు. బ్లూ-రే డిస్కులు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు, వీడియోలు డిస్కుల మీద దాచే స్టూడియోల వాళ్లు మాత్రమే బయటి బ్లూ-రే రైటర్ కొనండి. వీళ్లు కొంటే ఇప్పుడే కొనడం మంచిది, తయారుచేసే కంపెనీలు ఏటేటా తగ్గుతున్నాయి కాబట్టి. లోపలే బ్లూ-రే డ్రైవ్ ఉందని చెప్పి పాత ల్యాప్‌టాప్‌ను ఎక్కువ ధరకు అంటగట్టబోతే ఎవరైనా సరే వద్దనండి.

తాండూరు చిన్నోడికి కూడా ఇదే సమాధానం. కాలేజీకి డ్రైవ్ లేని మంచి ల్యాప్‌టాప్, ఇంటికి చిన్న బయటి డీవీడీ డ్రైవ్. సెలవులకు వచ్చిన మొదటి ఆదివారం అమ్మ పక్కన కూర్చుని డబ్బా దించాలి. ఒక్కో డీవీడీ కాపీ కావడానికి పావుగంట చాలు. నాలుగు లగ్గం డిస్కులకు గంట పడుతుంది. మీ ఇంట్లో కూడా అంతే పడుతుంది, ఈ ఆదివారమే మొదలుపెట్టండి.